ఎక్స్‌మత్ తీరాన ఒక రాతి ఇల్లు: ఎడ్వర్డ్ ప్రయర్ కట్టిన ‘ది బార్న్’ (ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఇంగ్లండు నైరుతి భాగాన, డెవన్ కౌంటీలో, ఎక్స్ నది సముద్రంలో కలిసేచోట ఎక్స్‌మత్ అనే పట్నం ఉంది. ఆ పట్నానికి తూర్పు అంచున, సముద్రాన్ని చూస్తూ ఉన్న ఏటవాలు నేల మీద 1896, 1897 సంవత్సరాలలో ఒక సైనికాధికారి కోసం కట్టిన ఇల్లు ఈనాటి నా ప్రసంగ విషయం. దాని పేరు ‘ది బార్న్’. కట్టించిన వాస్తుశిల్పి ఎడ్వర్డ్ ష్రోడర్ ప్రయర్. యంత్రోత్పత్తికి ఎదురుగా చేతిపనిని నిలబెట్టిన ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ ఉద్యమం మనకు మిగిల్చిన సముద్రతీరపు ఇళ్ళలో దీనికి చాలా ముఖ్యమైన స్థానం ఉంది. అయితే వాస్తు చరిత్ర రాసినవారు ఎక్కువగా దాని ప్లానును మెచ్చుకున్నారు. ప్లాను గొప్పదే, దాని గురించి వివరంగానే చెబుతాను. కాని ఈ ఇంటిలో అంతకంటే లోతైన ఆలోచన దాని గోడలో ఉందని నా నమ్మకం, దానికి కారణాలను మీ ముందు ఉంచాలన్నది నా ఉద్దేశం.

ముందుగా ఆ ఊరి సంగతి కొంత తెలియాలి. సముద్రస్నానం ఆరోగ్యానికి మంచిదని వైద్యులు సలహా ఇవ్వడం మొదలుపెట్టిన 18వ శతాబ్దంలో ఎక్స్‌మత్‌కు సంపన్నుల రాక పెరిగింది. శతాబ్దాంతానికి బీకన్ అనే గట్టు మీద, సముద్రాన్ని చూసే బారు ఇళ్ళు వెలిశాయి; నౌకాదళ వీరుడు నెల్సన్ భార్య తన చివరి కాలంలో కొంత అక్కడే గడిపారు. 1861లో రైలు వచ్చాక రాకపోకలు ఇంకా పెరిగాయి. ఇలాంటి తీరపు పట్నాలలో ఆ కాలపు ఇళ్ళన్నిటిదీ దాదాపు ఒకే తీరు. లోపల ఇటుక, పైన తెల్లని గచ్చుపూత, సముద్రం వైపు పొడుచుకొచ్చిన కిటికీలు, ముందు ఒక ఇనుప కమ్మీల బాల్కనీ. నగరంలో ఏ వీధిలోనైనా ఇమిడిపోగల ఇంటిని తెచ్చి సముద్రం ఎదుట నిలబెట్టినట్టు ఉంటాయి. వాటి మీద ఆ నేల ముద్ర గాని, ఆ గాలి ముద్ర గాని కనిపించదు.

ఈ మాటకు ఎక్స్‌మత్‌లోనే ఒక మినహాయింపు ఉంది, దాన్ని వదిలి ముందుకు వెళ్ళడం నాకు ఇష్టం లేదు. ‘ఆ లా రోండ్’ అనే పదహారు ముఖాల ఇల్లు అది. జేన్ పార్మింటర్, మేరీ పార్మింటర్ అనే ఇద్దరు బంధువులు, పెళ్ళి చేసుకోకుండా స్వతంత్రంగా బతికిన స్త్రీలు, యూరప్ అంతా తిరిగి వచ్చి 1790ల చివరలో దాన్ని కట్టించుకున్నారు. నడుమ ఎనిమిది భుజాల హాలు, దాని చుట్టూ గదులు. పొద్దు తిరిగినకొద్దీ వారు ఒక గది నుంచి మరో గదికి మారుతూ రోజు గడిపేవారని చెబుతారు. పైన ఒక గ్యాలరీ గోడల నిండా వారు తమ చేతులతో అతికించిన గవ్వలు, పక్షి ఈకలు ఉన్నాయి. మొదట దానికి కూడా గడ్డి కప్పే ఉండేది. సూర్యుడిని అనుసరించే ప్లాను, తీరం నుంచి ఏరుకున్న వస్తువులతో అలంకరణ, గడ్డి కప్పు: ఈ మూడూ నూరేళ్ళ తర్వాత ప్రయర్ ఇంటిలో మరో రూపంలో మళ్ళీ కనిపిస్తాయి. అందుకే ఆ ఇద్దరు స్త్రీలను ఈ కథలో తొలి పేర్లుగా చెప్పుకోవడం న్యాయం.

ఇక ప్రయర్ విషయం. 1852లో పుట్టారు, కేంబ్రిడ్జ్‌లో చదివారు. విద్యార్థిగా ఉన్న రోజులలో ఎత్తు దూకే పోటీలో జాతీయ స్థాయి విజేత. 1874లో, ఆ కాలపు ఇంగ్లండులో ఎక్కువ గిరాకీ ఉన్న వాస్తుశిల్పి నార్మన్ షా దగ్గర పనిలో చేరారు. షా కార్యాలయంలో పని నేర్చుకున్న లెథబీ, న్యూటన్, మకార్ట్నీ, హార్స్లీ, ప్రయర్ అనే ఐదుగురు యువకులు తమలో తాము చర్చించుకోవడానికి మొదలుపెట్టిన చిన్న బృందం నుంచే 1884లో ఆర్ట్ వర్కర్స్ గిల్డ్ అనే కళాకారుల సంఘం పుట్టింది. చిత్రకారుడు, శిల్పి, వడ్రంగి, వాస్తుశిల్పి ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలన్నది వారి పట్టుదల. కళా విమర్శకుడు జాన్ రస్కిన్ రచనలు, రచయిత, చేతిపనుల రూపశిల్పి విలియం మారిస్ ఆచరణ వారికి దారి చూపాయి. కర్మాగారం మనిషి చేతి నుంచి ఆలోచనను విడదీసిందనీ, పనివాడి సంతోషం కనబడని వస్తువు అందంగా ఉండలేదనీ వారు మనస్ఫూర్తిగా నమ్మారు. ఉద్యమ చరిత్ర మీకు తెలిసినదే కాబట్టి ఇంతటితో ఆపుతాను.

ఇప్పుడు ప్లాను. తెర మీద కనిపిస్తున్నది కింది అంతస్తు. నడుమ భాగంలో హాలు. దానికి రెండు వైపులా రెండు రెక్కలు, తిన్నగా కాక, ఏటవాలుగా తోట వైపు, సముద్రం వైపు చాచి ఉన్నాయి. ఆ రెండిటి నడుమ ఏర్పడిన ఒడిలో వరండా ఒదిగి ఉంది. దీన్నే సీతాకోకచిలుక ప్లాను అంటారు. ఈ ఆలోచనకు బీజం ప్రయర్ గురువు షా పనిలో ఉంది. నార్తంబర్లాండ్‌లో చెస్టర్స్ అనే 18వ శతాబ్దపు భవనానికి 1890 ప్రాంతంలో ఆయన ఏటవాలు రెక్కలు చేర్చారు. కాని అది ఉన్న ఇంటికి చేసిన చేర్పు. మొదటి నుంచీ ఇంటి మొత్తాన్ని ఈ ఆకారంలోనే ఆలోచించినవాడు ప్రయర్. 1895లో రాయల్ అకాడమీ ప్రదర్శనలో ఆయన ఇలాంటి ఇంటి నమూనాను ఉంచారు. గీసిన బొమ్మలు కన్ను మోసపోయేలా చేస్తాయనీ, చేత్తో చేసిన నమూనాయే కట్టడం సంగతి నిజంగా చెబుతుందనీ ఆయన అభిప్రాయం. ఆ మరుసటి ఏడే ఎక్స్‌మత్ ఇంటి పని మొదలైంది.

ఈ ఆకారం ఎందుకు? మన ప్రాంతం నుంచి చూస్తే ఇది వెంటనే అర్థం కాదు, ఎందుకంటే మన ఇళ్ళు ఎండను తప్పించుకోవడానికి కట్టినవి. విశాఖపట్నంలో డిసెంబరు చివర మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు క్షితిజానికి సుమారు 49 డిగ్రీల ఎత్తున ఉంటాడు. 50 డిగ్రీలు దాటిన ఉత్తర అక్షాంశం మీద ఉన్న ఎక్స్‌మత్‌లో అదే రోజు, అదే వేళ, ఆ ఎత్తు 16 డిగ్రీలు మాత్రమే. అంటే నీరెండ దాదాపు పక్క నుంచి, కిటికీలో నుంచి నేరుగా గది లోపలి గోడ దాకా వస్తుంది, వచ్చినంతలోనే తొందరగా వెళ్ళిపోతుంది. ఆ కొద్దిపాటి ఎండను పట్టుకోవడమే అక్కడ ఇంటి మొదటి పని. దక్షిణం వైపు నోరు తెరిచిన ఆకారాన్ని ఒక్కసారి ఊహించండి. పడమటి రెక్క లోపలి ముఖం ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది కాబట్టి ఉదయపు ఎండ అక్కడి గదులకు చేరుతుంది. తూర్పు రెక్క లోపలి ముఖం నైరుతికి తిరిగి ఉంటుంది కాబట్టి సాయంత్రపు ఎండ వాటికి దక్కుతుంది. నడుమనున్న వరండాకు మధ్యాహ్నం వేళ ఎండ అందుతుంది. బారుగా కట్టిన ఇంటిలో ఈ మూడు పూటల పంపకం సాధ్యం కాదు.

రెండో పని గాలికి అడ్డుకట్ట వేయడం. డెవన్ తీరం మీద పడమటి, నైరుతి గాలులదే రాజ్యం. పడమటి రెక్క పక్కగాలిని ఆపడం వల్ల రెక్కల ఒడిలో కూర్చున్నవారు, తోట అంచున నిలబడ్డవారి కంటే చాలా వెచ్చగా ఉండగలరు. సూటిగా సముద్రం మీంచి వచ్చే గాలివానను ఈ ఏర్పాటు ఆపలేదు. అందుకే వరండా ముందుకు పొడుచుకు రాకుండా, ఇంటి ఒంట్లోకి వెనక్కి జరిగి ఉంటుంది.

ఈ ప్లానుకు చిక్కులు లేకపోలేదు. రెక్క నడుమ భాగానికి అతుక్కునే చోట గదుల మూలలు వంకరపోతాయి. అక్కడ బీరువా కూడా సరిగా ఆనించి పెట్టలేము. కప్పు వాసాలు అక్కడ ఏ కోణంలో కలవాలన్నది వడ్రంగికి కఠిన పరీక్ష. పొగగొట్టాలను ఎక్కడ లేపాలన్నది మరో సమస్య. ప్రయర్ ఈ ఇబ్బందులను దాచిపెట్టలేదు; మడతలు పడిన చోట మడత కనిపించనిచ్చారు. ఆ నిజాయితీ నాకు నచ్చుతుంది. జర్మనీ రాయబార కార్యాలయం తరఫున లండన్‌లో ఉంటూ ఇంగ్లీషు ఇళ్ళను శ్రద్ధగా పరిశీలించిన వాస్తుశిల్పి హెర్మన్ ముతేజియస్ ప్రయర్ పనిని యూరప్‌కు పరిచయం చేశాక, ఈ ప్లాను ఎన్నో చోట్ల అనుకరణకు నోచుకుంది.

ఇప్పుడు గోడ దగ్గరికి వద్దాం. ఈ ఛాయాచిత్రం దగ్గరగా తీసినది, కాస్త తీరిగ్గా చూడండి. ప్రధానమైన రాయి అక్కడి ఎర్ర ఇసుకరాయి. ఆ ఎరుపు ఇనుము తుప్పు ఇచ్చినది. దాదాపు 25 కోట్ల సంవత్సరాల కింద ఆ ప్రాంతమంతా ఎడారిగా ఉన్నప్పుడు పేరుకున్న ఇసుక అది. ఇంటికి తూర్పున కొద్ది దూరంలో ఉన్న ఆర్కమ్ కొనలో అదే రాయి సముద్రంలోకి గోడలా దిగుతుంది. 2001లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన జురాసిక్ తీరం అక్కడే మొదలవుతుంది. ఆ ఎర్రరాయి నడుమ నడుమ, సముద్రం నునుపు చేసిన గుండ్రాళ్ళు పొదిగి ఉన్నాయి. కొన్ని బూడిద రంగువి, కొన్ని ఊదా కలిసినవి. ఒక రాయి ఇంకో రాయి కొలతలో లేదు, వరుసలు సమంగా లేవు. ఇసుకరాయి గరుకుగా ఉండి వెలుతురును మింగుతుంది. గుండ్రాయి తడిసినప్పుడు మెరుస్తుంది. వాన పడి వెలిసిన తర్వాత ఈ గోడ, ఎండిన గోడకు సంబంధం లేని మరో గోడలా కనిపిస్తుంది.

చూపు తిప్పగానే ఇది అడ్డదిడ్డంగా పేర్చినట్టు అనిపించవచ్చు. నిజానికి చెక్కిన రాయితో గోడ కట్టడం దీనికంటే తేలిక. చెక్కిన రాయి ఎక్కడ పెట్టినా ఇముడుతుంది. నిర్ణయమంతా ముందుగానే కాగితం మీద అయిపోయి ఉంటుంది. ఇక్కడ మాత్రం మేస్త్రీ ప్రతి రాయినీ చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, దాని చదునైన ముఖం ఏదో, దాని బరువు ఎటు ఒరుగుతుందో తేల్చుకుని, పక్క రాయితో ఎంత సందు వదలాలో అక్కడికక్కడే నిర్ణయించాలి. గుండ్రాయి జారుతుంది, సున్నం దాన్ని పట్టడానికి వేళ పడుతుంది, ఒక రోజులో గోడను ఎక్కువ ఎత్తు లేపకూడదు. ఈ పనిని వాస్తుశిల్పి గీసి ఇవ్వలేడు. మేస్త్రీ మీద నమ్మకం ఉంచి, అతని పక్కన నిలబడగలడు, అంతే. పనివాడి ఆలోచనను అతని చేతికి తిరిగి ఇవ్వాలన్న ఉద్యమ సూత్రం నినాదంగా మిగిలిపోకుండా కట్టుబడి పద్ధతిగా మారిన చోటు ఇదే.

ఇది ప్రయర్‌కు అప్పటికప్పుడు తట్టిన ఆలోచన కాదు. 1889లో ఎడిన్‌బరోలో జరిగిన కళా సదస్సులో ఆయన ఉపరితలాల స్వభావం మీద ఒక ప్రసంగం చేశారు. చెట్టు బెరడు, గడ్డి, ఇసుక, రాయి, ప్రకృతిలో ప్రతిదానికీ దాని ఒంటి తీరు ఉంటుందనీ, యంత్రం అన్నిటినీ ఒకే నునుపుకు తెచ్చి కన్నుకు దొరికే సంతోషాన్ని హరిస్తోందనీ, వాస్తుశిల్పి ఆ స్వభావాన్ని కాపాడుకోవాలనీ ఆయన వాదం. మాటలతో ఆగలేదు. ఆ కాలంలోనే ఒక గాజు కంపెనీతో కలిసి కొత్త తరహా గాజును తయారు చేయించారు. కరిగిన గాజును చతురస్రపు అచ్చులోకి ఊది, చల్లారాక పక్కలను కోసి తీసిన ఆ పలకలు నడుమ మందంగా, అంచులలో పలుచగా ఉంటాయి. రంగు ఒక్క పలకలోనే ముదురు నుంచి లేతకు మారుతుంది. ఉద్యమకాలపు చర్చి కిటికీలలో దాన్ని ఎంతో ఇష్టంగా వాడారు. రాతిలోనైనా గాజులోనైనా ఆయన వెతికింది ఒకటే: పదార్థం తన నడతను మరిచిపోకుండా ఉండడం.

ఎక్స్‌మత్ ఇంటి కప్పు కథ మాత్రం విషాదం. మొదట దానికి మందపాటి గడ్డి కప్పు ఉండేది. ఏటవాలు రెక్కలు కలిసే చోట గడ్డి అయితే వంపులు తిరగగలదు; ఆ ఆకారానికి అంతకంటే బాగా ఒదిగే కప్పు లేదు. 1905లో ఆ కప్పుకు నిప్పంటుకుంది. తిరిగి కట్టినప్పుడు పలకరాయి కప్పు వేశారు. ఈనాడు మనం చూసేది అదే. పాత ఛాయాచిత్రంలో గడ్డి చూరు బరువుగా కిందికి వంగి, గోడల ఎరుపుకు నీడ పట్టినట్టు ఉంటుంది. ఇప్పటి కప్పు అంచులు పదునుగా ఉండి ఇంటి ఎత్తును పెంచి చూపిస్తాయి. ఇల్లు నిలిచింది, కాని దాని పైసగం మనం పోగొట్టుకున్నామనే నేను అంటాను.

కప్పు కాలిన ఆ ఏడాదికే ప్రయర్ మరో తీరంలో ఇంకా సాహసమైన పని పూర్తి చేస్తున్నారు. ఇంగ్లండు తూర్పున నార్ఫోక్ తీరానికి కొద్ది మైళ్ళ లోపల, కెలింగ్ దగ్గర, పెర్సీ లాయిడ్ అనే మతాచార్యుడి కోసం 1903 నుంచి 1905 వరకు ఆయన కట్టిన ‘వోవుడ్’ కూడా సీతాకోకచిలుక ప్లానే. అక్కడ నేల ఒక టర్నిప్ పొలం. రాయి కొనాలని ఆయన అనుకోలేదు. ఇంటి ముందు దాదాపు ఎకరం మేర తవ్వించి, అందులో దొరికిన కంకరతో కాంక్రీటు పోసి గోడలు లేపారు. దొరికిన చెకుముకి రాళ్ళను గోడ ముఖానికి పొదిగారు. తవ్విన గొయ్యి పల్లపు తోట అయింది. గుత్తేదారును పెట్టకుండా రోజు కూలీలతో, ర్యాండల్ వెల్స్ అనే యువ వాస్తుశిల్పి పర్యవేక్షణలో పని నడిచింది. నేల నుంచి తీసిన పదార్థమే ఇల్లు కావడం, ఇల్లు వదిలిన ఖాళీయే తోట కావడం ఇంత సూటిగా జరిగిన కట్టడం ఆ ఉద్యమంలో నాకు మరొకటి తెలియదు.

అయితే ఖర్చు 60,000 పౌండ్ల దాకా పోయిందని చెబుతారు. సొంత నేల రాయి, రోజు కూలి, తోచినంత సమయం: ఇవన్నీ చవక కావు. అందరి కోసం మంచి పని అన్న ఉద్యమపు ఆశ, తుదకు సంపన్నుల ఇంటి గడప దాటలేకపోవడం ఆ తరం వాస్తుశిల్పులందరినీ బాధించిన విషయం. పైగా ఆ ఇంటి యజమాని కుటుంబం అందులో ఎక్కువ కాలం నివసించనే లేదు. తర్వాత అది బడిగా, రోగులు కోలుకునే నిలయంగా చేతులు మారి, గత శతాబ్దం చివర మళ్ళీ నివాసంగా బాగుపడింది.

ఈ ఖర్చు ప్రశ్నకు నాకు నచ్చిన జవాబు ఎక్స్‌మత్ పక్కనే దొరుకుతుంది. అక్కడికి కొద్ది మైళ్ళ తూర్పున, బడ్లీ సాల్టర్టన్ అనే తీరపు ఊరి దగ్గర, 1910లో అదే ఉద్యమానికి చెందిన వాస్తుశిల్పి ఎర్నెస్ట్ గిమ్సన్ ‘కాక్సెన్’ అనే ఇంటిని కట్టించారు. గోడలు పూర్తిగా మట్టి. డెవన్ రైతులు తరతరాలుగా కట్టుకున్న పద్ధతే: ఆ స్థలంలో తవ్విన ఇసుకమట్టిని నీటితో తడిపి, పొడవాటి గోధుమ గడ్డి బాగా కలిపి తొక్కి, పొరలు పొరలుగా వేస్తూ మూడడుగుల మందాన గోడ లేపి, తర్వాత రెండున్నర అడుగులకు చెక్కారు. మట్టికి తడి ఎక్కకుండా కింద అదే నేలలో దొరికిన గుండ్రాళ్ళతో అడుగున్నర పీఠం కట్టారు. పైన గడ్డి కప్పు. శ్రీకాకుళం, విశాఖ తీరాలలో చుట్టిళ్ళ మట్టి గోడలు చూసినవారికి ఈ వర్ణన కొత్తగా అనిపించదు. ప్రయర్ గోడలో మేస్త్రీ నేర్పు మీద ఉన్న గౌరవం ఇక్కడ ఊరివాళ్ళందరికీ తెలిసిన పనికి విస్తరించింది. వాస్తుశిల్పి చేయాల్సింది మరీ తక్కువగా మిగిలింది; ఆ తక్కువను గిమ్సన్ ఎంతో జాగ్రత్తగా చేశారు.

గోడ ఇలా పక్క ఊరి మట్టితోనే మాట్లాడుతూ ఉండగా, ప్లాను మాత్రం చాలా దూరం ప్రయాణించింది. ఈ సభలో చాలామందికి తెలిసిన ఒక భవనంతో దానికి సంబంధం ఉంది. న్యూఢిల్లీకి రూపకల్పన చేసిన ఇంగ్లీషు వాస్తుశిల్పి ఎడ్విన్ లట్యెన్స్ 20వ శతాబ్దం తొలి ఏళ్ళలో లెస్టర్‌షైర్‌లో పపియాన్ హాల్ అనే పాత ఇంటిని సీతాకోకచిలుక ఆకారంలోకి మార్చారు. అది 1950లో నేలమట్టమైంది. అదే లట్యెన్స్, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కోసం 1920ల చివర ఢిల్లీలో కట్టిన హైదరాబాద్ హౌస్‌లో ఈ ప్లానును మళ్ళీ వాడారు. నడుమ గుమ్మటం కింద ప్రవేశ మండపం, అక్కడి నుంచి ఏటవాలుగా చాచిన రెక్కలు. విదేశీ నేతలతో మన ప్రభుత్వం చర్చలు జరిపే భవనంగా వార్తలలో మీరు తరచుగా చూసేది అదే.

ఆకారం ఒకటే కాని కారణం పూర్తిగా వేరు. ఢిల్లీలో జూన్ చివర మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు 85 డిగ్రీల ఎత్తున, నడినెత్తిన ఉంటాడు. అక్కడ ఎండను ఒడిసిపట్టే ఒడి ఎవరికీ అక్కరలేదు. ఇండియా గేట్ చుట్టూ ఉన్న వలయం నుంచి రోడ్లు కిరణాలలా చీలిపోతాయి. అలా చీలే రోడ్ల నడుమ మిగిలిన స్థలం చతురస్రంగా ఉండదు. అలాంటి మూల స్థలంలో రాచభవనం ముఖం వలయం వైపు తిరిగి, రెక్కలు రోడ్ల వెంట సాగాలంటే ఈ ప్లాను చక్కగా సరిపోతుంది. ఎక్స్‌మత్‌లో సూర్యుడూ గాలీ తేల్చిన కోణాన్ని ఢిల్లీలో నగర పటం తేల్చింది.

రెండు ఇళ్ళ ప్లానులనూ పక్కపక్కనే ఉండేలా పెద్ద కాగితం మీద గీయించి, అటు బల్ల మీద పరిపించాను. వరండా లోతు, రెక్కల కోణం, గోడ మందం, ఈ మూడిటినీ పోల్చి చూడవలసిందిగా కోరుతున్నాను. ఆ తర్వాత మీ ప్రశ్నలు వింటాను.